టైమింగ్ బెల్ట్ ఇంట్లో మార్చాలంటే ముందు అర్థం కావాల్సింది

పాత బెల్ట్‌ను ఇంజన్ నుంచి తీసి చేతిలో పట్టుకోగానే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఇది బాగానే ఉందే, తొందరపడి మార్చానా అని. లక్ష కిలోమీటర్లు తిరిగిన బెల్ట్ కూడా చూడటానికి నల్లగా, నునుపుగా, వీపు వైపు కాస్త మెరుస్తూ ఉంటుంది. పళ్లన్నీ ఉంటాయి. వేలితో వంచి చూసినా పగులు కనబడకపోవచ్చు.

నాకూ మొదటిసారి ఇదే అనుమానం వచ్చింది. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. కారు సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, ఇంజన్ నిమిషానికి 2000 చుట్లతో నడిచిందనుకుందాం. లక్ష కిలోమీటర్లంటే 2000 గంటలు. ఆ కాలంలో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, 24 కోట్ల సార్లు తిరిగి ఉంటుంది. బెల్ట్‌లోని ప్రతి ముక్కా ప్రతి పుల్లీ దగ్గరా వంగి, తిన్నగా అయి, మళ్లీ వంగుతూ కోట్ల సార్లు నలిగి ఉంటుంది. రబ్బరు లోపల పొడవునా సన్నటి గాజు పీచు దారాలు ఉంటాయి. లాగుడంతా మోసేది అవే. అలసిపోయేదీ అవే. అవి లోపల్లోపల తెగుతుంటే బయటి రబ్బరు ఆ సంగతి చెప్పదు. పాతకాలపు నియోప్రీన్ బెల్టులు ముసలివయ్యేకొద్దీ కనీసం పగుళ్లిచ్చేవి. ఇప్పుడు వాడే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు వేడినీ నూనెనూ బాగా తట్టుకుంటుంది కాబట్టి చివరిదాకా కొత్తదానిలాగే కనిపించగలదు. అందుకే ఈ బెల్ట్‌ను చూసి మార్చరు, లెక్క చూసి మారుస్తారు.

ఈ పనికి కావాల్సింది కండబలం కాదు. లెక్క తప్పకుండా చూసుకునే ఓపిక. బెల్ట్ ఎక్కించడం నిజానికి ఐదు నిమిషాల పని. దాని దాకా చేరుకోవడానికి సగం రోజు పడుతుంది. ఈ బెల్ట్ కలిపి తిప్పేది రెండు షాఫ్టులను, క్రాంక్ షాఫ్ట్‌నూ, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ. బెల్ట్ లేనంత సేపూ ఆ రెండు షాఫ్టుల మధ్య సంబంధాన్ని చెదరనివ్వకుండా కాపాడటమే అసలు పని.

ఏ బెల్ట్ గురించి మాట్లాడుతున్నాం

బానెట్ ఎత్తగానే కనిపించే బెల్ట్ టైమింగ్ బెల్ట్ కాదు. అది ఆల్టర్నేటర్‌నీ, ఏసీ కంప్రెసర్‌నీ తిప్పే బెల్ట్. చాలామంది ఫ్యాన్ బెల్ట్ అంటారు. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, బ్యాటరీ అయిపోయాక కారు ఆగుతుంది, ఇంకోటి వేసుకుని వెళ్లిపోవచ్చు. కొన్ని కార్లలో వాటర్ పంపును కూడా అదే తిప్పుతుంది కాబట్టి వెంటనే ఆపకపోతే ఇంజన్ వేడెక్కుతుంది, అంతే. టైమింగ్ బెల్ట్ ఇంజన్ పక్కన ప్లాస్టిక్ మూతల వెనక దాక్కుని ఉంటుంది. మూత తీయనిదే కనబడదు.

అసలు మీ ఇంజన్‌లో బెల్ట్ ఉందో, చెయిన్ ఉందో ముందు తెలుసుకోవాలి. ఒకే కారు మోడల్‌లో పెట్రోలు ఇంజన్‌కు చెయిన్, డీజిల్ ఇంజన్‌కు బెల్ట్ ఉండొచ్చు. కారు పేరు చూసి కాకుండా ఇంజన్ కోడ్ చూసి నిర్ణయించుకోవాలి. భారీ ఉత్పత్తిలోకి వచ్చిన కార్లలో పళ్ల బెల్ట్‌ను మొదట వాడినది 1962 నాటి జర్మన్ కారు గ్లాస్ 1004. అమెరికాలో 1966లో పాంటియాక్ తన ఆరు సిలిండర్ల ఇంజన్‌కు వాడింది. అంతకుముందు గేర్లో, చెయిన్లో ఉండేవి. బెల్ట్ తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు. ఈ మూడు సుఖాలకు బదులుగా మనం ఒప్పుకున్న షరతు, గడువు లోపల మార్చడం.

రెండు షాఫ్టుల లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సిలిండర్ పని పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం, ఈ నాలుగూ ఆ రెండు చుట్లలో అయిపోవాలి. ఈ మొత్తంలో గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ ఒక్కసారి తెరుచుకోవాలి, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒక్కసారి తెరుచుకోవాలి. వాల్వులను తెరిచేది క్యామ్ షాఫ్ట్. కాబట్టి క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి క్రాంకు చక్రం కంటే సరిగ్గా రెట్టింపు పళ్లు ఉంటాయి. క్రాంకుకు 20 ఉంటే క్యామ్‌కు 40.

ఇంజన్ 3000 చుట్ల మీద ఉన్నప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో పిస్టన్ పైకి దూసుకొస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ దాని ముందు నుంచి తప్పుకుంటూ మూసుకుంటుంది. అదే సమయంలో ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోవడం మొదలుపెడుతుంది. పిస్టనూ, వాల్వులూ ఒకే చోటును పంచుకుంటాయి, కాకపోతే వేర్వేరు క్షణాల్లో. ఆ క్షణాలను విడదీసి ఉంచేది ఈ రబ్బరు పట్టీ.

ఇక్కడే ఇంజన్లు రెండు రకాలవుతాయి. కొన్నిటిలో పిస్టన్ ఎంత పైకి వచ్చినా, వాల్వ్ ఎంత కిందికి దిగినా రెండూ తగలవు. బెల్ట్ తెగితే ఇంజన్ ఆగిపోతుంది. కొత్త బెల్ట్ వేస్తే మళ్లీ నడుస్తుంది. రెండో రకంలో రెండూ తగులుతాయి. వీటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. ఇప్పటి పెట్రోలు ఇంజన్లలో ఎక్కువ భాగం ఈ రకమే. డీజిల్ అయితే దాదాపు అన్నీ ఇదే రకం, ఎందుకంటే గాలిని గట్టిగా నొక్కాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కూ దానికీ మధ్య ఖాళీ మిగలకూడదు. అలాంటి ఇంజన్‌లో బెల్ట్ తెగిన క్షణంలో క్యామ్ ఎక్కడున్నది అక్కడే నిలిచిపోతుంది. కారు వేగం వల్ల క్రాంకు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు పొడుస్తాయి. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, ఒక్కోసారి పిస్టన్‌కే చిల్లు పడుతుంది. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే మోటారు ఎప్పటికన్నా తేలికగా, వేగంగా తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. లోపల గాలి నొక్కుకోవడం లేదని దాని అర్థం. ఆ శబ్దం వినిపిస్తే ఇక సెల్ఫ్ కొట్టకండి.

ఇదే ప్రమాదం బెల్ట్ మార్చే మనిషి చేతిలోనూ ఉంటుంది. బెల్ట్ తీసేశాక ఆ రెండు షాఫ్టుల్లో ఏ ఒక్కదాన్ని పొరపాటున పానాతో బలంగా తిప్పినా వాల్వ్ వంగుతుంది. అందుకే బోల్టులూ, పుల్లీలూ అంటూ మొదలుపెట్టకుండా ఈ లెక్క ముందు చెప్పాను.

ఎప్పుడు మార్చాలి, ఏమేం మార్చాలి

మీ కారు తయారుచేసిన సంస్థ ఇచ్చిన పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి కిలోమీటర్లు, ఇంకోటి ఏళ్లు. ఏది ముందు వస్తే అది లెక్క. చాలా ఇంజన్లకు ఆ కిలోమీటర్ల అంకె లక్షకు అటూ ఇటూగా ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ, కొన్నిటికి ఎక్కువ. తక్కువ తిరిగే కారు యజమానులు ఏళ్ల సంగతి మర్చిపోతారు. ఇంటి ముందు నిలబడి ఉన్నా రబ్బరుకు వయసు వస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొని, బెల్ట్ ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా తెలియకపోతే మార్చలేదనే అనుకోవాలి.

బెల్ట్ ఒక్కటే మార్చి ఊరుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. గడువుకు ముందే బెల్టులు తెగిపోవడంలో చాలాసార్లు తప్పు బెల్ట్‌ది కాదు. దానికి ఆనుకుని తిరిగే టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచేది) బేరింగో, ఐడ్లర్ పుల్లీయో (బెల్ట్‌కు దారి చూపే చక్రం), వాటర్ పంపో పట్టేస్తుంది. పట్టేసిన చక్రం మీద బెల్ట్ రాసుకుని కరుగుతుంది, లేదా పళ్లు ఊడిపోతాయి. అవన్నీ బెల్ట్‌తో పాటే అన్ని కిలోమీటర్లు తిరిగాయి. కొత్త బెల్ట్ పక్కన లక్ష కిలోమీటర్ల బేరింగ్ పెట్టి మూత బిగిస్తే మళ్లీ అంతా విప్పాల్సిన రోజు ముందే వస్తుంది. అందుకే కిట్‌గా కొనాలి. మీ ఇంజన్‌లో వాటర్ పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంటే పంపు కూడా మార్చాలి. క్యామ్, క్రాంకు ఆయిల్ సీళ్ల దగ్గర తడి కనిపిస్తే అదే పనిలో అవీ మార్చాలి. నూనె తగిలిన బెల్ట్ ఎక్కువ కాలం బతకదు.

కొన్ని కొత్త ఇంజన్లలో బెల్ట్ ఇంజన్ లోపల, ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ తొలి తరం, ప్యుజో, సిత్రోయెన్ కార్లలోని 1.2 ప్యూర్‌టెక్ అలాంటివే. సరైన రకం ఆయిల్ పోయకపోయినా, ఆయిల్ మార్చడం ఆలస్యమైనా ఆ బెల్ట్ పొరలు ఊడి, ఆ తుక్కు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. వాటిని మార్చడానికి విప్పాల్సింది చాలా ఎక్కువ, ప్రత్యేక పనిముట్లు కూడా కావాలి. ఆ పని ఇంట్లో పెట్టుకోవద్దనే చెబుతాను.

ఇంట్లో చేయొచ్చా

బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, సస్పెన్షన్ పనులు సొంతంగా చేసుకున్న అలవాటు ఉంటే, నాలుగు సిలిండర్ల మామూలు ఇంజన్ అయితే చేయొచ్చు. బోల్టులు విప్పడం ఇదే మొదటిసారి అయితే ఈ పనితో మొదలుపెట్టకూడదు. వీ6 ఇంజన్లలో రెండో నాలుగో క్యామ్‌లను ఒకేసారి కనిపెట్టుకోవాలి. వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడికి, బెల్ట్ వదలగానే వాటిలో కొన్ని టక్కున తిరిగిపోతాయి. అది తొలి ప్రయత్నానికి తగినది కాదు.

మూడు వస్తువులు లేకుండా మొదలుపెట్టకండి. మీ ఇంజన్ కోడ్‌కు సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్, ఎంత బలంతో బిగించామో కొలిచే టార్క్ రెంచ్, షాఫ్టులను సరైన స్థానంలో నిలపడానికి ఆ ఇంజన్‌కు చెప్పిన లాకింగ్ పిన్నులు. వేరే కారు మీద చేసిన వీడియో చూసి చేయడం ప్రమాదం. చూడటానికి ఒకేలా ఉన్న రెండు ఇంజన్లలో టెన్షనర్ తిప్పాల్సిన దిశ వ్యతిరేకంగా ఉండొచ్చు. ఇంకో మాట. కారు మీకు మర్నాడు పొద్దున అవసరం లేని రోజు చూసుకోండి. తొందరే ఈ పనికి పెద్ద శత్రువు.

బెల్ట్ దాకా దారి

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, ఎవరూ పొరపాటున తాళం తిప్పకుండా. వెనక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ముందు భాగం లేపి, తప్పనిసరిగా జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు.

తర్వాత చక్రం, లోపలి ప్లాస్టిక్ షీటు, ఫ్యాన్ బెల్ట్, పై మూత. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజన్ ఎక్కువగా అడ్డంగా ఉంటుంది కాబట్టి చాలా వాటిలో బెల్ట్ వైపు ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ను కారుకు పట్టి ఉంచే బిగింపు) కూడా విప్పాలి. మౌంట్ తీసే ముందు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ సంపు కింద వెడల్పు చెక్క పెట్టి, దాని కింద రెండో జాకీతో ఇంజన్ బరువును కాస్త ఎత్తి పట్టాలి. చెక్క లేకుండా నేరుగా జాకీ పెడితే సంపు సొట్ట పడుతుంది. విప్పిన ప్రతి బోల్టునూ ఏ మూతది ఆ మూత పక్కనే పెట్టుకోండి. మూతల బోల్టులు ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవులు వేరు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే లోపల ఏదో ఒకటి పగులుతుంది.

అందరినీ ఆపేసేది క్రాంకు పుల్లీ బోల్టు. చక్రం నట్లు సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తారు. క్రాంకు బోల్టు అంతకు రెట్టింపు దాటి ఉండటం వింతేమీ కాదు. పైగా ఏళ్ల తరబడి వేడికి పట్టేసి ఉంటుంది. పొడుగు పైపు తగిలించి లాగితే బోల్టుతో పాటు క్రాంకు తిరిగిపోతుంది. పుల్లీని పట్టుకునే పనిముట్టు ఉంటే మంచిది. మాన్యువల్ గేర్ కారైతే పై గేరులో పెట్టి ఇంకొకరిని బ్రేక్ గట్టిగా తొక్కమనడం చాలామంది చేసే పద్ధతి. లాకింగ్ పిన్నులతో క్రాంకును ఆపి బోల్టు విప్పాలని మాత్రం ఎప్పుడూ చూడకండి. ఆ పిన్నులు స్థానం చూపించడానికి ఉన్నవి, బలం మోయడానికి కాదు. విరిగిన పిన్ను ఇంజన్ బ్లాకులో ఉండిపోతే ఆ బాధ వేరు. పానాను దేనికైనా ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు వదిలించే పద్ధతి కూడా కొందరు చెబుతారు. బ్యాటరీ తీగ తీసేసిన కారులో అది ఎలాగూ కుదరదు, కుదిరినా పానా ఎటు ఎగురుతుందో చెప్పలేం. వద్దు.

కొన్ని ఇంజన్లలో క్రాంకు పళ్ల చక్రానికి కీ, అంటే చక్రాన్ని షాఫ్టుపై జారనివ్వని చిన్న లోహపు ముక్క ఉండదు. కేవలం ఆ బోల్టు బిగింపే దాన్ని జారకుండా పట్టుకుంటుంది. అలాంటి చోట్ల బోల్టు వదులైందంటే టైమింగే వదిలినట్టు. ఒకసారి బిగిస్తే సాగిపోయేలా తయారుచేసిన బోల్టులూ ఉంటాయి. మాన్యువల్ కొత్తది వేయమంటే వేయాల్సిందే.

మార్కులు

బెల్ట్ తీయకముందే, ఇంజన్‌ను ఒక తెలిసిన స్థానానికి తెచ్చి నిలపాలి. చాలా ఇంజన్లలో అది ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానం, అంటే టాప్ డెడ్ సెంటర్. కొన్నిటిలో పిస్టన్లన్నీ మధ్యలో ఉండేలా వేరే స్థానం చెబుతారు, అప్పుడు క్యామ్ తిరిగినా ఏమీ తగలకుండా. క్రాంకు చక్రం మీద ఒక గీత, ఆయిల్ పంపు మీదో బ్లాకు మీదో ఒక గీత ఉంటాయి. క్యామ్ చక్రం మీద ఒక చుక్క, హెడ్ మీద ఒక గుర్తు ఉంటాయి. అన్నీ ఒకేసారి ఎదురెదురుగా రావాలి. స్పార్క్ ప్లగ్గులు ముందే తీసేస్తే పానాతో క్రాంకు తిప్పడం హాయిగా ఉంటుంది, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది. బెల్ట్ ఉన్నంత సేపూ తిప్పేది క్రాంకు బోల్టుతోనే, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. క్రాంకు మార్కు కలిసింది, క్యామ్ మార్కు మాత్రం సరిగ్గా వ్యతిరేక దిక్కున, కిందికి చూస్తోంది. బెల్ట్ జారిపోయిందేమో అని టెన్షన్ పడతారు. ఏమీ కాలేదు. క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది కదా, కాబట్టి క్రాంకు మార్కు రెండుసార్లు పైకి వస్తే అందులో ఒక్కసారే క్యామ్ మార్కు కలుస్తుంది. క్రాంకును ఇంకో పూర్తి చుట్టు తిప్పండి, అన్నీ కలుస్తాయి. పిస్టన్ పైనున్నది గాలి నొక్కడానికా, పొగ వదలడానికా అన్నది క్రాంకుకు తెలియదు. ఆ సంగతి క్యామ్‌కు మాత్రమే తెలుసు.

కంపెనీ మార్కుల మీద నమ్మకం ఉన్నా, తెల్ల మార్కర్‌తో మీ గీతలు మీరు గీసుకోండి. పాత బెల్ట్ మీద కూడా, ప్రతి పళ్ల చక్రం ఎదురుగా. తీశాక క్రాంకు గీతకూ, క్యామ్ గీతకూ మధ్య ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి కొత్త బెల్ట్ మీద అదే లెక్కతో గీతలు పెట్టుకోవచ్చు. ఇది మాన్యువల్ పద్ధతికి బదులు కాదు, దానికి తోడు. అలాగే మొత్తం పళ్ల లెక్క, వెడల్పు పాతదానితో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. ఫొటోలు తీయండి, ఎదురుగా నిలబడి, ఏటవాలుగా కాదు. ఏటవాలు ఫొటోలో కలిసిన మార్కు కూడా తప్పిపోయినట్టే కనిపిస్తుంది.

బెల్ట్ లేని అరగంట

టెన్షనర్ వదులు చేసి పాత బెల్ట్ జారవిడిచాక ఇంజన్‌లో ఏ షాఫ్టుకూ ఏ షాఫ్టుతోనూ సంబంధం లేదు. ఈ సమయంలో చేయాల్సింది వాటర్ పంపు, సీళ్లు, ఐడ్లర్లు మార్చడం. వీటిలో దేనికైనా క్యామ్ చక్రం విప్పాల్సి వస్తే, చక్రాన్ని పట్టుకునే పనిముట్టుతో పట్టి విప్పాలి. క్యామ్ కొద్దిగా జరిగితే కంగారుపడి గట్టిగా వెనక్కి తోయకండి. మెల్లగా తిప్పి చూడండి, ఏదైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే అక్కడే ఆపండి. అది వాల్వ్ పిస్టన్‌ను తాకడం కావచ్చు. అప్పుడు క్రాంకును మార్కు నుంచి పావు చుట్టు వెనక్కి తెస్తే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్లన్నీ మధ్యకు దిగుతాయి. క్యామ్‌ను మార్కుకు తెచ్చి, తర్వాత క్రాంకును మెల్లగా మార్కు మీదికి తేవాలి.

పాత పంపు తీసినప్పుడు కారిన కూలెంట్‌ను పూర్తిగా తుడవాలి. కొత్త బెల్ట్‌కు అది తగలకూడదు. నేల మీద పడ్డ కూలెంట్ కూడా వదిలేయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిపాటిది కూడా వాటి ప్రాణం తీస్తుంది.

కొత్త బెల్ట్‌ను మడవకూడదు, మెలిపెట్టకూడదు, లోపలి వైపు బయటికి తిప్పి పళ్లు చూడకూడదు. లోపలి గాజు దారాలు ఒక్క గట్టి మడతకే విరుగుతాయి. ఆ విరుపు బయటికి కనబడదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చక్రం మీదికి ఎక్కించాల్సి వస్తోందంటే టెన్షనర్ ఇంకా పూర్తిగా వదులు కాలేదన్నమాట.

వదులు ఎటు ఉండాలి

ఒక పన్ను తప్పడం ఎక్కువగా జరిగేది ఇక్కడే. క్రాంకు బెల్ట్‌ను ఒక వైపు లాగుతుంది, ఆ వైపు ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది. రెండో వైపు వదులుగా ఉంటుంది, టెన్షనర్ పెట్టేది అక్కడ. కాబట్టి బెల్ట్‌ను ముందు క్రాంకు మీద ఎక్కించి, బిగుతు వైపు నుంచి ఏ మాత్రం వదులు లేకుండా లాగి పట్టుకుని క్యామ్ మీదికి, అక్కడి నుంచి పంపు మీదుగా, చివరికి టెన్షనర్ దగ్గరికి రావాలి. మిగిలిన వదులంతా టెన్షనర్ వైపు చేరాలి. బిగుతు వైపు సగం పన్నంత వదులు మిగిలినా, టెన్షనర్ బిగించగానే క్యామ్ జరుగుతుంది. అప్పటిదాకా చక్కగా కలిసి కనిపించిన మార్కులు తప్పుతాయి.

ఒక పన్ను అంటే ఎంత? క్రాంకు చక్రానికి 20 పళ్లుంటే 360 భాగించు 20, అంటే 18 డిగ్రీలు. అంత తేడాతో ఇంజన్ సాధారణంగా స్టార్ట్ అవుతుంది. కానీ ఐడిలింగ్ వణుకుతుంది, బలం ఉండదు, క్యామ్, క్రాంకు సెన్సర్ల లెక్క కుదరక ఇంజన్ లైటు వెలుగుతుంది. రెండు మూడు పళ్లు తప్పితే వాల్వులు తగిలే అవకాశం ఉంటుంది.

టెన్షనర్‌లో కొన్ని రకాలున్నాయి. స్ప్రింగ్ ఉన్న ఆటోమేటిక్ టెన్షనర్ మీద ఒక ముల్లు, ఒక గాడి ఉంటాయి. అలెన్ కీతో చెప్పిన దిశలో తిప్పి, ముల్లు గాడికి ఎదురుగా వచ్చినప్పుడు నట్టు బిగించాలి. తప్పు దిశలో తిప్పినా ముల్లు గాడి దగ్గరికి వచ్చినట్టు కనిపించవచ్చు, కానీ కొన్నాళ్లకు టెన్షనర్ విరుగుతుంది. హైడ్రాలిక్ రకమైతే పాతదాన్ని తిరిగి వాడాల్సి వచ్చినప్పుడు బెంచ్ వైస్‌లో నిలువుగా పెట్టి చాలా నెమ్మదిగా నొక్కి పిన్ను దూర్చాలి. తొందరపడితే లోపలి సీలు పోతుంది. ముల్లూ, పిన్నూ ఏవీ లేని పాత రకాలకు మాన్యువల్ చెప్పిన కొలతే దారి. వేలితో మెలితిప్పి చూసి సరిపోయిందనుకునే అలవాటు అనుభవజ్ఞులకు ఉంటుంది, మనం దాని మీద ఆధారపడకూడదు. వదులైతే పన్ను దూకుతుంది. మరీ బిగుతైతే పంపు బేరింగ్ అరిగిపోతుంది, బెల్ట్ ఈల వేసినట్టు కూస్తుంది.

రెండు చుట్లు, ఒక చిక్కు

లాకింగ్ పిన్నులన్నీ తీసేశారో లేదో లెక్కపెట్టి చూసుకోండి. ఇప్పుడు క్రాంకును చేతి పానాతో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎందుకు రెండంటే, క్యామ్ ఒక పూర్తి చుట్టు తిరిగి ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి అంతే కావాలి. ఈ రెండు చుట్లలో ఏదీ తగలకపోతే సెల్ఫ్ కొట్టినా తగలదు. మధ్యలో గట్టిగా ఆగిపోతే బలం పెట్టకండి. ఆ ఆగడమే మీ ఇంజన్‌ను కాపాడింది. వెనక్కి వెళ్లి ఎక్కడ తప్పిందో చూసుకోవాలి. ప్లగ్గులు తీసి ఉంటే గాలి నొక్కుడు బరువు ఉండదు కాబట్టి లోహం తగిలిన ఆటంకం చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

రెండు చుట్లయ్యాక క్రాంకు, క్యామ్ మార్కులు మళ్లీ కలవాలి, టెన్షనర్ ముల్లు మళ్లీ గాడిలో ఉండాలి, లాకింగ్ పిన్నులు చేత్తో తోస్తే సులువుగా దూరాలి.

ఇప్పుడు ఆ చిక్కు. కొన్ని కొత్త బెల్టుల మీద కంపెనీయే తెల్ల గీతలు ముద్రించి ఇస్తుంది, చక్రాల చుక్కలకు ఎదురుగా పెట్టి ఎక్కించమని. మొదటిసారి నేను అలాగే పెట్టాను, రెండు చుట్లు తిప్పాను, చూస్తే చక్రాల మార్కులు కలిశాయి గానీ బెల్ట్ మీది గీతలు ఎక్కడో ఉన్నాయి. తప్పు చేశానని మళ్లీ విప్పాను. మళ్లీ అదే. సాయంత్రం దాకా అలాగే పోయింది. చివరికి కాగితం మీద లెక్క వేస్తే విషయం తేలిపోయింది.

బెల్ట్‌కు 123 పళ్లు, క్రాంకుకు 20 పళ్లు అనుకోండి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే బెల్ట్ 40 పళ్లు ముందుకు జరుగుతుంది. అంటే బెల్ట్ తన పొడవులో మూడో వంతు మాత్రమే తిరిగింది. గీతలు మొదటి చోటికి ఎలా వస్తాయి? 20, 123లకు ఉమ్మడి భాజకం ఒకటే కాబట్టి గీత మళ్లీ క్రాంకు చుక్కకు ఎదురుగా రావాలంటే క్రాంకు 123 చుట్లు తిరగాలి. క్యామ్ చుక్క కూడా కలవాలంటే అది సరి సంఖ్య కావాలి, అంటే 246 చుట్లు. బెల్ట్ మీది గీతలు ఎక్కించే ఆ ఒక్క క్షణానికే పనికొస్తాయి. ఆ తర్వాత చూడాల్సింది చక్రాల మార్కులు, ఇంజన్ మీది మార్కులు మాత్రమే. సరిగ్గా చేసిన పనిని తప్పనుకుని విప్పేవాళ్లు ఎంతమందో. ఈ ఒక్క లెక్క ముందే తెలిస్తే వాళ్ల సాయంత్రాలు మిగిలేవి.

మూసి, స్టార్ట్ చేసేటప్పుడు

తిరిగి బిగించడం విప్పినదానికి వెనక వరస. క్రాంకు బోల్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌తో, చెప్పిన కోణంతో బిగించాలి. అప్పుడు కూడా ఆపాల్సింది పుల్లీని పట్టుకునే పనిముట్టుతోనే. ఇంజన్ మౌంట్ బిగించాకే జాకీ తీయాలి. కూలెంట్ నింపి గాలి బయటికి పోనివ్వాలి. సిస్టమ్‌లో గాలి బుడగ మిగిలితే బెల్ట్ ఎంత బాగా వేసినా ఇంజన్ వేడెక్కుతుంది.

ఫ్యాన్ బెల్ట్ వేయకముందే కొన్ని సెకన్లు స్టార్ట్ చేసి వినే అలవాటు నాకుంది. ఆ బెల్ట్ శబ్దాలు కలవవు కాబట్టి టైమింగ్ వైపు చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. క్రాంకు పుల్లీ పూర్తిగా బిగించి ఉన్నప్పుడే ఇది చేయాలి, ఆ తర్వాత వెంటనే ఆపేయాలి. వినాల్సినవి రెండే. ఈల లాంటి కూత వస్తే బిగుతు ఎక్కువైంది. మూతకు ఏదో టపటపా తగులుతున్నట్టుంటే వదులైంది, లేదా మూత సరిగ్గా కూర్చోలేదు. రెండూ లేకుండా ఇంజన్ ఎప్పటిలాగే తిరిగితే మిగతా భాగాలు బిగించి, వేడెక్కేదాకా ఐడిలింగ్‌లో ఉంచి, పంపు దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడండి. మర్నాడు చల్లారాక కూలెంట్ మట్టం చూసి తగ్గితే నింపండి.

పై మూత మీద ఒక స్టిక్కర్ అంటించి తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, పంపు కూడా మార్చారా లేదా అన్నది చెరిగిపోని పెన్నుతో రాయండి. కారు రేపు ఇంకొకరి చేతికి వెళ్లినా ఆ మూత తెరిచేవాళ్లకు ముందు కనిపించేది అదే.